ప్రెసిడెంటు నుదురు

మిల్లు క్వార్టర్లు, పశ్చిమాఫ్రికా
12 జనవరి 1981

బుచ్చయ్య బావకు, రాజమణి అక్కకు మధుకర్ దండాలు పెట్టి రాసేది ఏమనగా, నేను బతికే ఉన్నాను. మలేరియా రెండుసార్లు వచ్చి పోయింది. అన్నం దొరికిన రోజు అన్నం, లేని రోజు ఇక్కడి కర్రపెండలం పిండి.

కోరుట్లలో నా ఈడు వాళ్లంతా దుబాయి పోతే నేనొక్కడినే ఆఫ్రికా వచ్చి పడ్డాను. భివండిలో మగ్గాల ఫిట్టరుగా సుఖాన ఉన్నవాడిని, బొంబాయి కంపెనీ మాట నమ్మి ఇక్కడి సర్కారు మిల్లుకు మూడేళ్లకు సంతకం పెట్టాను. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. నా పాస్‌పోర్టు మా డైరెక్టరు గదిలో ఇనుప బీరువాలో ఉంది. ఎప్పుడడిగినా 'వచ్చే నెల' అంటాడు. ఆ బీరువా తలుపు తెరవగా నేనింతవరకు చూడలేదు.

అసలు సంగతికి వస్తాను. వచ్చే సెప్టెంబరుకు ఈ దేశానికి స్వతంత్రం వచ్చి ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లూ ఒక్కడే ప్రెసిడెంటు. ఏటా ఆ పండుగకు మా మిల్లు ఆయన మొహం అచ్చేసిన బట్ట తీస్తుంది. చిన్నా పెద్దా అందరూ అదే కుట్టించుకుని తొడుక్కోవాలి. కూర్చునేచోట ఆయన మొహం రాకుండా కత్తిరించడం ఇక్కడి దర్జీలకు పెద్ద గండం. ఒకడు గురి తప్పి ఆరు నెలలు లోపల ఉండి వచ్చాడు.

ఈసారి అచ్చు కాకుండా ఏదైనా కొత్తగా కానుక ఇవ్వాలని డైరెక్టరు తల పట్టుకుంటుంటే, నేను ఊరుకోలేక నోరు జారాను. మా బావ జకార్డు మగ్గం మీద మనిషి మొహం నేస్తాడు, అచ్చు కాదు, పోగు పోగు నేత అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. నేయించు, ప్రెసిడెంటుకు నచ్చితే ఆ రోజే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతానన్నాడు. నలుగురి ముందు అన్న మాట.

ఫోటో పంపుతున్నాను. నువ్వు సరిగా నేస్తే నేను ఇంటికొస్తాను. నేను వేరే ఏమీ కోరడం లేదు బావా.

ఆ బీరువా కేసి చూస్తూ,
మధుకర్


సిరిసిల్ల
20 ఫిబ్రవరి 1981

చిరంజీవి మధుకర్‌కు బుచ్చయ్య దీవెనలు.

నన్నడగకుండానే మాట ఇచ్చేశావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మొహం నేయడమంటే లుంగీ నేయడం అనుకున్నావా? గళ్ల కాగితం మీద బొమ్మ దించాలి, అట్టలకు రంధ్రాలు కొట్టాలి, ఒక్క అట్ట తప్పితే మనిషికి మెల్లకన్ను వస్తుంది.

ఇక్కడ మా సందంతా మరమగ్గాలు అయిపోయాయి. పక్కింటివాడితో మాట్లాడాలంటే అరవాలి. చేతిమగ్గాలు రెండే మిగిలాయి. ఒకటి నాది. రెండోది కొమురవ్వది, ఆమె దాని మీద ఉతికిన బట్టలు ఆరేస్తోంది. మొన్న సహకార సంఘం ప్రెసిడెంటు నన్ను చూసి "ఇంక గీ మ్యూజియం ఎన్నొద్దులు నడుపుతవు?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా మండుతోంది. అందుకైనా ఈ పని చేస్తాను.

కానీ నాకు తెలియని మనిషిని నేను నేయను. ఫోటోలో ఉన్నది టోపీ, కళ్లద్దాలు, మూతి. టోపీ కనుబొమ్మల దాకా దించుకున్నాడు. నవ్వుతున్నాడా, ఎవరినైనా తిట్టబోతున్నాడా నాకు అంతు పట్టడం లేదు. మీ అక్క నాకన్నా ముందే పట్టుకుంది: "ఎవలో తెల్వని మొగోని మొకం ఇంట్ల పెట్టుకొని మూడు నెలలు సూస్తవా? ఆయన మంచోడా, చెడ్డోడా?" అంది. నాకూ అదే కావాలి. ఎవరి కొడుకు, ఏం చేశాడు, జనానికి ఏం పెట్టాడు, అంతా రాయి.

నీ ఇల్లాలు వసంత మొన్న కోరుట్ల నుంచి వచ్చి వెళ్లింది. బీడీల చాట ఒళ్లో పెట్టుకునే మాట్లాడింది. "అన్నా, ఆయన ఎప్పుడొస్తడు?" అని ఒకటే అడుగుతోంది.

మీ దేశం పేరు నా నోరు తిరగదు. నువ్వు రాసిచ్చిన చీటీలే కవర్ల మీద అంటిస్తున్నాను. ఇంకో పది పంపు.

నీ బావ,
బుచ్చయ్య


మిల్లు క్వార్టర్లు
8 ఏప్రిల్ 1981

బావా,

నీ ఉత్తరం నలభై రోజులకు చేరింది. కవరు విప్పి మళ్లీ అంటించినట్టుంది. ఇక్కడ ఉత్తరాలన్నీ చూస్తారు. తెలుగు ఎవరికొస్తుందిలే అనుకోవడానికి లేదు, రాజధానిలో మనవాళ్ల దుకాణాలు ఉన్నాయి, భయపడి చదివిపెట్టేవాళ్లు ఉంటారు. కాబట్టి రాయదగ్గవే రాస్తున్నాను. మిగతావి మనం ఎదురెదురుగా కూర్చున్నప్పుడు.

ఇవన్నీ మా అద్దకం సెక్షనులో పనిచేసే ముసలాయన సెకూ చెప్పాడు. ఆయన, ప్రెసిడెంటు ఒకప్పుడు ఒకే గదిలో ఉన్నారట.

పెద్దాయన పుట్టింది నది ఒడ్డున పల్లెలో. తండ్రి నీలిమందు అద్దేవాడు. మోచేతుల దాకా నీలం దిగని చేతులతో బడికి తీసుకుపోతే, మిషను బడి దొరలు ఆ చేతులు చూసి గుమ్మం బయటే నిలబెట్టారట. పిల్లవాడు చదివాడు. తపాలాఫీసులో గుమాస్తా అయ్యాడు. తెల్ల గుమాస్తాకు కుర్చీ, నల్ల గుమాస్తాకు బల్ల పీట. ఆ పీటల మీద కూర్చునేవాళ్లందరినీ కూడగట్టి పదిహేడు రోజులు దేశంలో ఒక్క ఉత్తరం కదలకుండా ఆపాడు. మూడేళ్లు జైల్లో పెట్టారు. బయటికి వచ్చేసరికి ఆయన కోసం పడవల్లో వచ్చిన జనంతో నది కనిపించలేదట. ఆ మాట చెబుతూ సెకూ కళ్లు తుడుచుకున్నాడు.

స్వతంత్రం వచ్చిన రాత్రి దొరల జెండా దించి ఈయన ఒకే మాట అన్నాడట: 'ఇక ఎవరూ నిలబడక్కర్లేదు, కూర్చోండి.' మొదటి ఆరేళ్లలో నదికి వంతెన, ప్రతి తాలూకాకు ఆసుపత్రి, ఆడపిల్లలకు బడులు కట్టించాడు. మా మిల్లుకు ఆయనే పునాదిరాయి వేశాడు. తండ్రి పేరే పెట్టాడు.

తర్వాత కొన్ని జరిగాయి. ఆయన ఫోటోలు ఎక్కువయ్యాయి. పాత స్నేహితులు తక్కువయ్యారు. సెకూ కూడా ఇప్పుడు ఆయన పేరెత్తేముందు కిటికీ మూస్తాడు. ఇంతకన్నా నేను రాయలేను.

మంచివాడా చెడ్డవాడా అని అక్క అడిగింది. మంచివాడిగా మొదలైన మనిషి అని చెప్పు. నువ్వు ఆ మొదటి మనిషిని నేయి.

త్వరగా కానీ బావా. ఇక్కడ వేరుశనగ ధర పడిపోయి నూలు రావడం లేదు. మిల్లు వారానికి మూడు రోజులే నడుస్తోంది.

మధుకర్


సిరిసిల్ల
15 జూన్ 1981

మధూ,

అయింది! నీ ఉత్తరం కోసం ఆగకుండా గళ్ల కాగితం, అట్టల పని ముందే మొదలుపెట్టాను, నేతతో కలిపి ఎనభై రోజులు పట్టింది. బట్ట ఇప్పటికే బయలుదేరి ఉంటుంది. మీ ఊళ్లో సింధీ దుకాణంలో పనిచేసే జగిత్యాల ఖాలిద్ సెలవు మీద వచ్చాడు కదా, పోతూ పోతూ మా ఇంటికి వచ్చి తీసుకుపోయాడు. గుడ్డలో పెట్టి నాలుగు పక్కలా కుట్టి, డైరెక్టరు చేతికే ఇవ్వమన్నాను. దారిలో ఎవరూ చేతులు పెట్టకూడదని.

నువ్వు రాసిన నీలం చేతుల ముచ్చట చదివాక నాకు ఆయన మొహం తెలిసిపోయింది. మా నాయన చేతులూ అట్లాగే ఉండేవి. పడుగు తెల్లది, పేక నల్లది. గడ్డం నుంచి మొదలుపెట్టాను. మూతి దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను, ఎంతకీ తిట్టే మూతే వస్తోంది. ఆ పడవల్లో వచ్చిన జనాన్ని ఆయన చూస్తున్నట్టు అనుకుని నేస్తే అప్పుడు దారికి వచ్చింది.

ఒక్క మార్పు చేశాను. గళ్ల కాగితం మీద బొమ్మ దించినప్పుడే మీ అక్క చూసి నెత్తి కొట్టుకుంది. "గదేంది, బోడి నొసలు? డెబ్బై ఏండ్ల పెద్దమనిషి, దేశానికి తండ్రి అంటున్నరు. బొట్టు లేకుంట మొకం మగ్గం దించుతవా? ఇంటికి పీడ, ఆయనకు పీడ" అంది. అబద్ధమేముంది? మన ఇంట్లో కొత్త మగ్గానికి, చివరికి తలుపుకు కూడా బొట్టు పెట్టందే పని మొదలుపెట్టం. మొన్న మొన్నటి దాకా నేను నేసిన ప్రతి మొహానికీ పెట్టాను, కలెక్టరుకు కూడా పెట్టాను. కానీ ఈయన టోపీ కిందికి దిగి ఉంది, చోటు లేదు. అందుకని టోపీని రెండు వేళ్లు పైకి జరిపి, నుదురు తెరిచి, నడిమధ్య చిన్న నాడెకు ఎర్ర పట్టుదారం చుట్టి, పోగుల మధ్య అటూ ఇటూ తిప్పి బొట్టు దిద్దాను. మొహానికి ఎంత కళ వచ్చిందో! నలుపు తెలుపుల నడుమ అదొక్కటే ఎరుపు. దూరం నుంచి ముందు అదే కనిపిస్తుంది.

సహకార సంఘం ప్రెసిడెంటు కూడా వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు.

వసంతకు చెప్పేశాను, దసరా లోపల వస్తాడని. నువ్వు పెట్టె సర్దుకో.

సంతోషంతో,
బుచ్చయ్య


మిల్లు క్వార్టర్లు
30 ఆగస్టు 1981

బావా,

నీ జూన్ ఉత్తరం నాకు నిన్న అందింది. బట్ట జూలైలోనే వచ్చింది. ఆ ఉత్తరమే ముందు వచ్చి ఉంటే నేను ఆ కుట్లు విప్పి, ఆ ఎర్ర దారం పంటితో పీకేసేవాడిని.

ఏం చేశావో నీకు తెలుసా? ఇప్పుడు ఎవరు చదివినా సరే, రాసేస్తున్నాను. 1967లో ఒక సిపాయి ఈయన మీద తుపాకీ పేల్చాడు. వంతెన మీద, రిబ్బను కత్తిరిస్తుంటే. గుండు కనుబొమ్మల పైన నుదుటిని చీల్చుకుంటూ పోయింది. అప్పటి నుంచి ఆయన టోపీ కిందికి దించాడు. పద్నాలుగేళ్లుగా ఆయన నుదురు ఎవరూ చూడలేదు, ఎవరూ గీయలేదు. అచ్చు బట్టలో టోపీ ఒక్క గీత పైకి పోయినా ఆ అచ్చు పగలగొడతారు. నువ్వు టోపీ పైకి జరిపావు. సరిగ్గా ఆ చోటే ఎర్రగా చుక్క పెట్టావు.

డైరెక్టరు ఇద్దరు మంత్రుల్ని పిలిచి వాళ్ల ముందు విప్పించాడు. ఒక మంత్రి కుర్చీ వెనక్కి పడేసి లేచాడు. 'ఈసారి గురి తప్పదని చెప్పి పంపారా?' అన్నాడు. నాకు అర్థం కాకముందే ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

పదకొండు రోజులు లోపల ఉన్నాను. ఖాలిద్‌ను కూడా తెచ్చారు. మీ బావకు మచ్చ సంగతి ఎవరు చెప్పారు, ఎవరు డబ్బిచ్చారు, సిరిసిల్లలో ఎంతమంది ఉన్నారు? ఇవే ప్రశ్నలు. అది బొట్టు, మర్యాద అంటే వినరు. పాపం ఖాలిద్ నన్ను కాపాడాలని తనకొచ్చిన ఇంగ్లీషులో ఎంతో చెప్పాడు: "సాబ్, వీళ్లు పెట్టెకు పెడ్తరు, తలుపుకు పెడ్తరు, లారీకి పెడ్తరు, బర్రెకు సుత పెడ్తరు" అని. ఆ అధికారి రాసుకుంటూ, 'అంటే మీవాళ్లు పశువుల్ని కూడా వదలరన్నమాట' అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇప్పుడు ఇద్దరినీ వదిలారు కానీ ఊరు దాటకూడదు. పాస్‌పోర్టు బీరువా నుంచి పోలీసులకు పోయింది. ఒకటే దారి. బొట్టు అంటే కీడు కాదని మీ సర్కారు ముద్ర వేసిన కాగితం తెప్పించుకో అన్నారు. పంపు. నెల లోపల పంపు.

నీ కళ నా మెడకు చుట్టుకుంది. నాకు నీ మీద పట్టరాని కోపంగా ఉంది బావా.

మధుకర్


సిరిసిల్ల
10 అక్టోబరు 1981

మధుకర్‌కు,

నీకొక్కడికే కోపం ఉందనుకోకు. రెండు పేజీల జీవితచరిత్ర రాశావు. పుట్టిన ఊరు రాశావు, పీట రాశావు, పడవలు రాశావు. నుదుటి మీద గుండు గాయం ఉందని ఒక్క ముక్క రాయలేకపోయావా? టోపీ ఎందుకు దించుకున్నాడో నేను మొదటి ఉత్తరంలోనే అడిగినంత పనిచేశాను. మంచిదే రాస్తానన్నావు. మంచిదే నేశాను. ఇప్పుడు నన్నంటే ఎట్లా?

నీ కాగితం కోసం పది రోజులు కాళ్లు అరిగేలా తిరిగాను. మొదట మా పట్వారీ. "కులం రాసిస్త, ఆదాయం రాసిస్త, బొట్టు ఎట్ల రాసియ్యాలె?" అన్నాడు. తాలూకా ఆఫీసులో దానికి ఫారం లేదన్నారు. జగిత్యాల డివిజను ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా గదిలో ఉన్న నలుగురినీ పిలిచి నా దరఖాస్తు పైకి చదివి వినిపించాడు. "బొట్టు వల్ల ప్రాణహాని లేదని ధ్రువీకరించగలరు." వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా బామ్మర్ది అక్కడ చావబోతున్నాడని ఎవరితో చెప్పుకోను?

చివరికి ఖాలిద్ వాళ్ల అన్న అమీనుద్దీన్ ఆదుకున్నాడు. జగిత్యాలలో ఒక వకీలు దగ్గర రాతపని చేస్తాడు. ఆయనా తమ్ముడి కోసం అల్లాడుతున్నాడు. "సర్కారు కాయితం ఎవ్వడియ్యడు బుచ్చన్నా, నోటరీ చేపిద్దాం. నేను సాక్షి సంతకం పెడ్త. ముసల్మాను చెప్పిండంటే ఇంక నమ్ముతరు" అన్నాడు. ఇంగ్లీషులో మూడు పేజీలు కొట్టించాడు. ఫోటోలు కూడా జతచేశాం. మీ అక్క నాకు, మగ్గానికి, తలుపుకు, అమీనుద్దీన్ సైకిలుకు బొట్టు పెడుతున్నవి. ఎర్ర ముద్ర పెద్దది వేయించాం.

మీ అక్క కొండగట్టుకు కాలినడకన పోయి వచ్చింది. అంజన్నకు నువ్వొస్తే కోడెను కడతానని మొక్కిందట, కోడెను కట్టేది వేములవాడ రాజన్నకు. ఆ సంగతి గుర్తుచేస్తే నా మీదే పడి ఏడ్చింది. బొట్టు పెట్టమన్నది తనే కదా, నిద్రపోవడం లేదు.

వసంత నాతో మాట్లాడటం మానేసింది. దసరా పోయింది.

నువ్వు తిట్టినా పరవాలేదు, కాగితం అందిందని రాయి.

బుచ్చయ్య


మిల్లు క్వార్టర్లు
18 డిసెంబరు 1981

బావా,

కాగితం అందింది. అందిన వారానికి నన్ను కారు ఎక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. దిగి చూస్తే ప్రెసిడెంటు బంగళా.

మనిషి ఫోటోలో కంటే చిన్నగా ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి, పీట మీద చాపుకుని కూర్చున్నాడు. నువ్వు నేసిన బట్ట ఆయన ఒళ్లో ఉంది. నీ ఫోటోలు ఒక్కొక్కటీ చూసి, సైకిలు దగ్గర ఆగి, 'దీనికెందుకు?' అన్నాడు. దారిలో ఏమీ కాకూడదని అన్నాను. తల ఊపాడు. నా సంగతి నీకెవరు చెప్పారని మీ బావను అడగలేదా అన్నాడు. ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే పెట్టేవాడు కాదు అన్నాను. దానికి చాలాసేపు నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

తర్వాత టోపీ తీశాడు. పక్కనున్న సెక్రటరీ నేల చూపులు చూశాడు. మచ్చ ఉంది బావా, పొడుగ్గా, నీ బొట్టు కన్నా రెండు రెట్లు. 'వీళ్లంతా పద్నాలుగేళ్ల నుంచి నా టోపీనే అచ్చేస్తున్నారు. నేను బతకాలని కోరుకుంటూ నా నుదుటి మీద చెయ్యి పెట్టిన ఆడమనిషి మా అమ్మ తర్వాత మీ అక్కే' అన్నాడు. నాకు అప్పుడు ఆయన మీద జాలి కలిగింది. ఆ మాట దాచను.

జాలి ఎక్కువసేపు నిలవలేదు. ఆ నేతగాడు నాకు కావాలి, మగ్గంతో సహా వచ్చి మిల్లులో నేర్పాలి అన్నాడు. సరే, తమరి దయ, మరి నా పాస్‌పోర్టు అన్నాను. ఆయన సెక్రటరీ వైపు తిరిగి, నా ముందే, మామూలుగా అన్నాడు: 'ఇతను వెళ్లిపోతే బావ ఎందుకొస్తాడు?'

పడవల్లో జనం వచ్చింది ఈ మనిషి కోసమే. ఈయన పాత స్నేహితుడు, అప్పటి ఉపాధ్యక్షుడు పదేళ్లుగా ఇట్లాగే ఒక ఇంట్లో కూర్చుని ఉన్నాడని సెకూ చెప్పాడు. ఆయన మీదా ఈయనకు కోపం లేదట. ఇష్టమేనట.

కోపం వస్తే పదకొండు రోజులు. ఇష్టపడితే ఎన్నేళ్లో! నువ్వు ఎట్లా నేయాలో అట్లాగే నేశావు, నా కర్మ కాలి అది నచ్చింది. నీ టిక్కెట్టు బొంబాయి కంపెనీకి పంపుతారట. ఏం రాయాలో తోచడం లేదు. రమ్మనలేను, వద్దంటే నేనిక్కడే పోతాను.

మధుకర్


సిరిసిల్ల
2 మార్చి 1982

మధూ,

వస్తున్నాను.

మీ పెద్దాయన సంగతి నాకు కొత్త కాదు. మా సావుకారూ ఇంతే, మంచి నేతగాడికే బాకీ తీరనివ్వడు. నేను పెట్టిన చిక్కు నేనే విప్పుతాను. వచ్చి ఆర్నెల్లు నేర్పుతాను, నువ్వు ముందు బయటపడు.

మీ అక్క మొదట ఒప్పుకోలేదు. వసంత వచ్చి గడపలో చాట పెట్టుకుంది. బీడీలు చుట్టుకుంటూ పొద్దుగూకే దాకా కూర్చుంది. చివరికి మీ అక్కే లేచి "పోయిరా. నా తమ్మున్ని తోలి, నువ్వు సుత జల్ది రా" అంది. యాభై రెండేళ్ల వయసులో నాకు హైదరాబాదులో పాస్‌పోర్టు దరఖాస్తు. మగ్గం విప్పి చెక్క పెట్టెలో కట్టాను. ఇంటి మధ్యలో మగ్గం గుంట ఖాళీగా ఉంది, అటు చూడబుద్ధి కావడం లేదు.

మే నెలలో విమానమట. నువ్వు కంగారుపడి ఏదీ చెడగొట్టకు.

బుచ్చయ్య


మిల్లు క్వార్టర్లు
28 ఏప్రిల్ 1982

బావా,

రావద్దు. బియ్యం లైన్లో జనాన్ని కొట్టారు. కాలేజీ పిల్లలు ప్రెసిడెంటు ఫోటోల మీద రాళ్లేశారు. సిపాయిలకు మూడు నెలలుగా జీతాల్లేవు, తుపాకులు మాత్రం ఉన్నాయి. పెద్దాయన మంచం దిగడం లేదట. ఇది అందగానే కాశీకి పోతావో ఎక్కడికి పోతావో పో, బొంబాయికి మాత్రం పోకు.

మధుకర్


కోరుట్ల
7 జూన్ 1982

బావా,

ఏ చిరునామాకు రాయాలో తెలియక మిల్లు పేరనే రాస్తున్నాను. నేను కోరుట్లలో మన ఇంట్లో, మన అరుగు మీద కూర్చున్నాను. నువ్వేమో అక్కడ ఉన్నావు. దేవుడికైనా ఇంత ఎగతాళి తగదు.

మే పందొమ్మిదిన తెల్లారి రేడియోలో పాటలు ఆగి బ్యాండు మొదలైంది. తర్వాత ఎవరో కుర్ర ఆఫీసరు గొంతు. ప్రెసిడెంటు 'ఆరోగ్యం కోసం' దిగిపోయాడన్నారు. మధ్యాహ్నానికి డైరెక్టరు పారిపోయాడు. పోలీసుస్టేషను తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఖాలిద్, నేను లోపలికి పోయి బీరువా పగలగొట్టాం. రెండొందల పాస్‌పోర్టులు నేల మీద పడ్డాయి. వెతికి మా ఇద్దరివీ తీసుకున్నాం. సింధీ దుకాణాన్ని అప్పటికే దోచేశారు, మిగిలిన వ్యానులో ఇద్దరం సరిహద్దు దాటాం.

దారిపొడుగునా చూశాను. ఆయన మొహం ఉన్న బట్టల్ని ఎవరూ తగలబెట్టలేదు. పారేసుకునే స్థితిలో ఎవరున్నారు? తిరగేసి తొడుక్కున్నారు. అచ్చు రెండో వైపుకు కూడా ఊరుతుంది కదా, అందరి వీపుల మీద ఆయన మసకగా చూస్తూనే ఉన్నాడు. సెకూ ఒక్కడే తిరగేయలేదు. మిల్లు గేటు దగ్గర స్టూలు వేసుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. ఎవరి కోసమని అడగబోయి ఊరుకున్నాను.

బొంబాయిలో కంపెనీవాడు నన్ను చూసి నీళ్లు నమిలాడు. విమానాశ్రయం మూసి ఉంటే 'అక్కడ వానలు' అని చెప్పి నిన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టి, మే ఇరవై నాలుగున ఎక్కించాడట. అప్పటికి నేను సరిహద్దు దాటి మూడు రోజులు. నా ఏప్రిల్ ఉత్తరం సిరిసిల్లలో నిన్న అందింది.

వసంత నన్ను చూడగానే ఏడ్చింది, తర్వాత నా వెనక చూసి "అన్న ఏడి?" అంది. అక్క సిరిసిల్ల నుంచి వచ్చింది. నన్ను కొట్టింది బావా, ముప్పై నాలుగేళ్ల వాణ్ణి. "నా మొగన్ని ఆడ పారేసి నువ్వొచ్చినవా?" అంది. అన్నం కళ్ల ముందు ఉంది, ముద్ద దిగడం లేదు.

ఎక్కడున్నావో ఒక్క ముక్క రాయి.

నీ బామ్మర్ది,
మధుకర్


మిల్లు క్వార్టర్లు
25 జూలై 1982

మధుకర్‌కు దీవెనలు.

నీ ఉత్తరం నీ గదిలోనే చదువుకున్నాను. నీ మంచం మీదే పడుకుంటున్నాను, దీనికి నడుమ పట్టె విరిగింది, నాలుగేళ్లు ఎట్లా పడుకున్నావో. నువ్వు ఇల్లు చేరావు, నేను వచ్చిన పని అయినట్టే. మీ అక్కకు ఆ మాటే చెప్పు.

విమానం దిగగానే నా పెట్టె విప్పించారు. జకార్డు అట్టలు చూసి, ఈ రంధ్రాలు ఏం రహస్యం అన్నారు. మూడు వేల అట్టలు. ఒక్కొక్కటీ దీపానికి అడ్డం పెట్టి చూశారు. నాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు నాది రాదు. మూడో రోజు విసుగొచ్చి అక్కడే నేల మీద మగ్గం బిగించి వేలెడంత నేసి చూపించాను. అప్పుడు ఎవరినో పిలుచుకొచ్చారు. ఆయన మిల్లుకు కొత్త డైరెక్టరు, కెప్టెను. నన్ను చూసి చాలా సంతోషించాడు. పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

మీ పెద్దాయన పోయాడు. రేడియోలో మూడు మాటలు చెప్పారట. సెకూ నన్ను వెంటబెట్టుకుని నది ఒడ్డున ఆ పల్లెకు తీసుకుపోయాడు. నేనూ ఆయనా సైగలతోనే మాట్లాడుకుంటాం. జనం లేరు, ఇద్దరు సిపాయిలున్నారు. నేను నేసిన బట్ట ఆయన మీద కప్పే పూడ్చారని సెకూ చేత్తో చూపించి చెప్పాడు. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు ఇప్పటికీ తేలలేదు. నాకు దుఃఖం మాత్రం వచ్చింది.

ఇప్పుడు కొత్తాయన ఫోటో ఇచ్చారు. ముప్పై ఆరేళ్లట. సెప్టెంబరు పండుగకు ఆయన మొహం కావాలి. మగ్గం నీ గదిలోనే బిగించాను. పాస్‌పోర్టు ఎప్పుడిస్తారని ఇంగ్లీషు వచ్చిన దుకాణంవాడితో అడిగించాను. మొహం పూర్తయిన రోజే అన్నాడు కెప్టెను, నలుగురి ముందు.

నేను రోజుకు వేలెడు కన్నా నేయలేను, నీకు తెలుసు. గడ్డం, మూతి అయ్యాయి, ముక్కు దగ్గర ఉన్నాను. నిన్న బ్యారకుల వైపు మళ్లీ తుపాకుల చప్పుడు వినిపించింది. ఈయన పోతే ఇంకొకరి ఫోటో తెస్తారు, నేను మళ్లీ గడ్డం నుంచి మొదలుపెట్టాలి. అందుకని ఈయనెవరో, ఏం చేశాడో ఎవరినీ అడగలేదు. పొద్దున్నే మగ్గం ఎక్కేముందు, ఈ మొహం పూర్తయ్యేదాకా ఈయన్ని చల్లగా ఉంచమని దండం పెట్టుకుంటున్నాను. మీ అక్కను కూడా పెట్టుకోమను.

బుచ్చయ్య